మీ ప్రశ్నలు – మా జవాబులు: అబ్జర్వేషన్ హోంలో సిబ్బందిని చూసుకునేదెవరు?

ప్రశ్న: మాది నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం. ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసి, ఈ మధ్యే నేరారోపణపై విచారణలో ఉన్న బాలురను ఉంచే ఒక అబ్జర్వేషన్ హోంకు ఇన్‌ఛార్జిగా వచ్చాను. పిల్లల బాగోగులు చూసే హౌస్ ఫాదర్లు, కాపలా సిబ్బంది చాలామంది వయసులో నాకంటే పెద్దవారు. పెద్ద పిల్లలు ఇద్దరు ముగ్గురిని లీడర్లుగా పెట్టి, తక్కిన పిల్లలను వారికి అప్పగించే అలవాటు ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. రాత్రి డ్యూటీలో నిద్రపోవడం మామూలే. అడిగితే, “దెబ్బ పడకపోతే వీళ్ళు దారికి రారు సార్” అంటారు. గట్టిగా మందలిస్తే సహకరించరు. ఊరుకుంటే రేపు ఏదైనా జరిగినప్పుడు నా మెడకు చుట్టుకుంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ముందుగా లీడర్ల ఏర్పాటును తీసేయండి. సిబ్బంది తమ పనిని పెద్ద పిల్లల చేతికి అప్పగించిన నాటి నుంచి హోంలో అసలు జరిగేదేదీ ఇన్‌ఛార్జి కంటపడదు. భోజనాల వరుసలో ఎవరు ముందు నిలబడాలో, ఫ్యాను కింద ఎవరు పడుకోవాలో, ఇంటివాళ్ళు తెచ్చిచ్చిన బిస్కెట్లలో ఎవరికెంత వాటా పోవాలో, కొత్తగా వచ్చిన పిల్లవాడు ఎవరి బట్టలు ఉతకాలో లీడరే నిర్ణయిస్తాడు. పైకి మాత్రం హోం ప్రశాంతంగా కనిపిస్తుంది. రిజిస్టరులో ఒక్క గొడవ కూడా నమోదు కాదు. తనిఖీకి వచ్చినవారు మెచ్చుకుని వెళ్తారు. నెలల తరబడి ఒక్క ఫిర్యాదు కూడా లేని హోంను చూస్తే నాకు మెచ్చుకోలు కంటే అనుమానమే ముందు కలుగుతుంది.

హాజరు హౌస్ ఫాదరే తీయాలి. తాళంచెవి గానీ, పేర్ల జాబితా గానీ, తప్పు చేసినవాడిని ఏం చేయాలన్న నిర్ణయం గానీ పిల్లవాడి చేతికి పోకూడదు. అలాగని పిల్లలకు ఏ బాధ్యతా ఇవ్వకూడదని కాదు. జువైనల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం కింద 2016లో కేంద్రం చేసిన నమూనా నియమాలు 6–10, 11–15, 16–18 ఏళ్ళ వయసుల వారికి వేర్వేరుగా, పూర్తిగా పిల్లలతోనే బాలల కమిటీలు ఏర్పాటు చేయాలని చెబుతున్నాయి. భోజనం, ఆటలు, చదువు, శుభ్రత గురించి తమ మాట చెప్పుకోవడానికి ఆ కమిటీలు ఉన్నాయే తప్ప తోటివాడి మీద పెత్తనానికి కాదు. లీడర్లుగా ఉన్న పిల్లలను ఆ పని నుంచి తప్పించిన తొలి వారాల్లో గొడవలు పెరుగుతాయి. అంతవరకూ లోలోపల అణగి ఉన్నది పైకి వస్తుంది కనుక ఇది తప్పదు. ఆ రోజుల్లో మీరు హోంలోనే ఎక్కువ సేపు గడపండి. “మేము ముందే చెప్పాం సార్” అన్న మాట వినగానే పాత పద్ధతికి తిరిగి వెళ్ళారంటే, ఇక మీ మాటకు విలువ ఉండదు.

ఇక రాత్రి డ్యూటీ. అమెరికాలో 2012లో ప్రకటించిన సమాఖ్య ప్రమాణాల ప్రకారం, బాలల నిర్బంధ కేంద్రాల్లో పిల్లలు మేలుకుని ఉండే వేళల్లో ప్రతి 8 మందికి ఒకరు, నిద్రవేళల్లో ప్రతి 16 మందికి ఒకరు చొప్పున కనీసం భద్రతా సిబ్బంది ఉండాలి. పైఅధికారులు పగలూ రాత్రీ ముందుగా చెప్పకుండా తిరిగి చూడాలని, వారు వస్తున్నారన్న కబురును సిబ్బంది ఒకరికొకరు చేరవేసుకోకూడదని కూడా అవే ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ నిష్పత్తిని అందుకోవడం మీ చేతిలో ఉండకపోవచ్చు గానీ, చెప్పకుండా తిరిగి చూడడానికి ఎవరి మంజూరూ అక్కరలేదు. ఇన్‌ఛార్జి హోం ఆవరణలోనే, వీలుకాకపోతే దానికి దగ్గరలోనే నివసించాలని మన నమూనా నియమాలు కోరడం కూడా ఇందుకే.

రాత్రి వెళ్ళినప్పుడు నిద్రపోతున్న ఉద్యోగిని పట్టుకోవడమే పనిగా పెట్టుకోకండి. ఏ పడక ఖాళీగా ఉంది, స్నానాల గదుల వైపు దీపం వెలుగుతోందా, చిన్నపిల్లల గదిలో పెద్దవాడెవరైనా పడుకున్నాడా, మీ అడుగుల చప్పుడుకు ఎవరు ఉలిక్కిపడ్డారు అన్నవి చూడండి. వయసును బట్టి, శారీరక మానసిక స్థితిని బట్టి పిల్లలను వేరు చేసి ఉంచాలని జువైనల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 47 చెబుతోంది. పగలు రిజిస్టరులో కనిపించే ఆ విభజన రాత్రి పడకల దగ్గర కూడా ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. డ్యూటీలో నిద్రపోయిన వ్యక్తి ఆ పగలంతా కూడా పనిచేసి, మారువాడు రాక రాత్రికి ఉండిపోయినవాడైతే, మెమో ఇచ్చి ప్రయోజనం లేదు. అది డ్యూటీ చార్టు తప్పు, దాన్ని మీరే దిద్దాలి.

దెబ్బల విషయంలో మీ సిబ్బందికి చట్టాన్ని చదివి వినిపించండి. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 82 ప్రకారం, క్రమశిక్షణ పేరుతో పిల్లవాడిని శారీరకంగా శిక్షించిన ఉద్యోగికి మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడతాయి. ఉద్యోగం పోవడమే కాక, ఇకపై పిల్లలతో నేరుగా పనిచేసే అవకాశమూ ఉండదు. అది క్రూరత్వం స్థాయికి చేరితే సెక్షన్ 75 కింద, సంరక్షణ సంస్థలో పనిచేసేవారికి ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. మీకు వర్తించేది మరొకటి ఉంది. తన కింది ఉద్యోగి పిల్లలపై లైంగిక నేరం చేశాడని తెలిసీ ఫిర్యాదు చేయని సంస్థ అధిపతికి పోక్సో చట్టం సెక్షన్ 21 కింద ఏడాది వరకు జైలు శిక్ష పడుతుంది. “లోపలే సర్దుకుందాం” అని ఎవరైనా అంటే వారికి ఈ సెక్షన్ చూపించండి.

పిల్లల కోసం ప్రత్యేక చట్టం మన దేశంలో మొట్టమొదట వచ్చింది 1920లో, ఈ మద్రాసులోనే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక ఆ ఘనతలో మనవారికీ వాటా ఉంది. అలాంటి చరిత్ర ఉన్న తమిళనాడులోనే 2022 డిసెంబరు ఆఖరున చెంగల్పట్టు ప్రభుత్వ హోంలో 17 ఏళ్ళ బాలుడు మరణించగా, సిబ్బంది కొట్టిన దెబ్బలే కారణమన్న ఆరోపణపై ఆరుగురు అరెస్టయ్యారు. వారిలో సూపరింటెండెంటు కూడా ఉన్నారు. ఆ తర్వాత 2023లో, ఇలాంటి హోంల తీరును పరిశీలించి సిఫారసులు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుతో ఏకసభ్య కమిటీని వేసింది. మీ మెడకు చుట్టుకుంటుందన్న భయం నిరాధారమేమీ కాదు.

అయితే చట్టం చూపి భయపెట్టినంత మాత్రాన మీకంటే పెద్దవారైన సిబ్బంది మారరు. కొట్టవద్దన్నప్పుడు, మరి ఏం చేయాలో కూడా మీరే చెప్పాలి. ఇద్దరు పిల్లలు కలబడితే చుట్టూ మూగినవారిని ముందు బయటికి పంపడం, ఇద్దరు ఉద్యోగులు కలిసి వారిని విడదీయడం, కోపం చల్లారే వరకు ప్రశ్నలు వేయకపోవడం, ఆ రోజే జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టడం — ఇవన్నీ మీరు ఒకసారి దగ్గరుండి చేసి చూపించవలసిన పనులు. టీవీ చూడడం, ఆట వంటి సదుపాయాన్ని కొంతసేపు ఆపవచ్చు; తిండి తగ్గించడం, ఒంటరిగా గదిలో పెట్టడం, ఇంటివాళ్ళను చూడనివ్వకపోవడం మాత్రం 1990 నాటి ఐక్యరాజ్యసమితి నియమాలే నిషేధించాయి. పెద్దవారిని పిల్లల ఎదుట మందలించకండి. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, మర్యాద తగ్గకుండా, మార్చవలసింది ఫలానా అని స్పష్టంగా చెప్పి, ఆ మాటనే కాగితం మీద ఇవ్వండి.

సూచనల పెట్టె ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. అది ఆఫీసుకు దూరంగా, పిల్లల గదులకు దగ్గరగా ఉండాలి. తాళంచెవి మీ దగ్గర కాక నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి. వారానికోసారి బాలల కమిటీ సభ్యుల సమక్షంలో తెరవాలి. ఆఫీసు గుమ్మం పక్కన వేలాడదీసిన పెట్టెలో ఏ పిల్లవాడూ చీటీ వేయడు.

ప్రశ్న: మా ఆయన ఇలాంటి హోంలోనే కాంట్రాక్టు మీద రాత్రి డ్యూటీ చేస్తారు. మొన్న ఒక అబ్బాయి కంచం విసిరితే నుదుటికి తగిలింది. బూతులైతే రోజూ వినవలసిందే. పిల్లల హక్కుల గురించి అందరూ మాట్లాడతారు. సిబ్బంది బాధ ఎవరికి పట్టింది?
— ఒక పాఠకురాలు, వ్యాసర్పాడి

జవాబు: అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనదే. ఇలాంటి చోట్ల సిబ్బందిని పర్యవేక్షించడమంటే తప్పులు వెతకడమని చాలామంది అధికారులు అనుకుంటారు. దెబ్బ తిన్న ఉద్యోగిని వెంటనే వైద్యునికి చూపించడం, ఆ రాత్రికి అతన్ని అదే గది నుంచి తప్పించడం, మర్నాడు పిలిచి ఏం జరిగిందో పూర్తిగా వినడం కూడా ఆ అధికారి పనే. కోపంతో, అవమానంతో ఉన్న మనిషిని మళ్ళీ అదే పిల్లవాడి దగ్గరికి పంపితే తర్వాత జరిగేదానికి అధికారి కూడా బాధ్యుడే.

మీ ఆయన ఆ ఘటనను తప్పకుండా రాతపూర్వకంగా ఇన్‌ఛార్జికి ఇచ్చి, నకలు తన దగ్గర ఉంచుకోవాలి. తనను తాను కాపాడుకోవడానికి అడ్డుకోవడం తప్పు కాదు. గొడవ సద్దుమణిగాక బదులు తీర్చుకోవడమే నేరం. ఇంకొక సంగతి కూడా ఆయనకు చెప్పండి. కొత్తగా వచ్చిన పిల్లలలో కొందరు మత్తు మాత్రలకో, గంజాయికో, సొల్యూషన్ పీల్చడానికో అలవాటు పడి ఉంటారు. హోంకు రాగానే అవి ఒక్కసారిగా ఆగిపోవడంతో నిద్ర పట్టక, ఒళ్ళు నొప్పులతో, చిరాకుతో మొదటి రోజులు తల్లడిల్లుతారు. బయటివారికి పొగరుగా తోచేది చాలాసార్లు ఈ బాధే. అటువంటివాడిని డాక్టరుకు చూపించమని ఆ రాత్రే రిజిస్టరులో రాస్తే, అతనికీ మీ ఆయనకూ మేలు జరుగుతుంది. ఇలాంటి విషయాల్లో సిబ్బందికి శిక్షణ అవసరం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ తోడ్పాటుతో నడిచే ‘సంవాద్’ విభాగం పిల్లల సంరక్షణలో ఉన్నవారికి ఈ తరహా శిక్షణ ఇస్తుంది. తమ హోం సిబ్బందికి కూడా ఏర్పాటు చేయమని మీ ఆయనా, తోటివారూ కలిసి ఇన్‌ఛార్జిని కోరవచ్చు.

ప్రశ్న: మా తెలుగు సంఘం తరఫున ఉగాదికి ఒక హోంకు వెళ్ళి, తెలుగు పిల్లలుంటే వారికి చదువు చెప్పాలని, ఫోటోలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాలని అనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?
— ఒక పాఠకుడు, టి. నగర్

జవాబు: చదువు చెప్పడానికి ఇన్‌ఛార్జి అనుమతితో వెళ్ళండి. ఫోటోలు మాత్రం వద్దు. పిల్లవాడి ముఖం గానీ, పేరు గానీ, ఊరు గానీ బయటపెడితే జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఏ కేసులో వచ్చావని ఎవరినీ అడగకండి. పండగ ఒక్క రోజుకు వెళ్ళే కంటే, తమిళం రాని పిల్లవాడి మాటను సిబ్బందికి, సిబ్బంది మాటను అతనికి తెలియజెప్పే మనిషి వారానికోసారి వెళ్తే ఉపకారం ఎక్కువ. పిల్లల కేసులను విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు భాష అర్థం కాని పిల్లవాడికి దుబాసీని ఇవ్వవలసిన బాధ్యత బోర్డుదే. హోం లోపల రాత్రి పది గంటలకు కడుపు నొప్పి అని తెలుగులో చెప్పే పిల్లవాడి సంగతి ఇన్‌ఛార్జి చూసుకోవాలి. మీ సభ్యులలో ఫోను చేస్తే పలికేవారి నంబర్లు ఒక కాగితం మీద రాసి ఆయనకు ఇవ్వండి.