గోల్ఫ్ లింక్స్ యాత్రకు ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయనగరం నుంచి నువ్వు పంపిన జాబితా రెండుసార్లు చదివాను. పన్నెండు రోజులు, పదకొండు గోల్ఫ్ కోర్సులు, అన్నీ సముద్రపు ఒడ్డున ఉండే లింక్స్ మైదానాలే. డోర్నోక్, సెయింట్ ఆండ్రూస్, ట్రూన్, అక్కడినుంచి సముద్రం దాటి పోర్ట్‌రష్, కౌంటీ డౌన్, మళ్లీ కిందికి దిగి లహించ్, బాలీబనియన్. అన్నీ మంచి పేర్లే. ఒక్కటీ కొట్టేయబుద్ధి కాదు. కానీ డోర్నోక్ ఎక్కడో స్కాట్లాండ్ ఉత్తరాన ఉంది, బాలీబనియన్ ఐర్లండ్‌కి నైరుతి మూలన ఉంది. అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం ఒక్కరోజులో దర్శనం చేసుకు వచ్చినట్టు కుదిరే పని కాదు. ఈ జాబితా పట్టుకుని వెళ్తే ఆట కంటే కారులో కూర్చున్న గంటలే ఎక్కువవుతాయి.

అందుకని ఒక్క తీరం ఎంచుకో. మొదటిసారికి స్కాట్లాండ్ తూర్పు తీరం చాలు. మొదటి వారం సెయింట్ ఆండ్రూస్‌లో బస, తర్వాత నాలుగైదు రోజులు నార్త్ బెరిక్‌లో. సెయింట్ ఆండ్రూస్ నుంచి క్రెయిల్, ఈలీ దగ్గర. టే నది దాటితే కార్నూస్టీ. నార్త్ బెరిక్ పక్కనే గలన్, డన్‌బార్. ఎడిన్‌బరో నుంచి నార్త్ బెరిక్‌కి రైలు ఉంది, అరగంట పైచిలుకు ప్రయాణం. పన్నెండు రోజుల్లో ఎనిమిది రౌండ్లు (రౌండుకి పద్దెనిమిది హోల్స్) వేసుకో, అయిదు కోర్సులకు మించకు. అంటే మూడు కోర్సులు రెండేసిసార్లు ఆడాలి. ఈ మాట నీకు రుచించదని తెలుసు. కానీ లింక్స్ మీద మొదటి రౌండు అయోమయంలోనే గడిచిపోతుంది. బంతి ఎక్కడ పడితే ఎటు దొర్లుతుందో రెండోసారికే అర్థమవుతుంది. పైగా గాలి దిక్కు మారితే నిన్నటి కోర్సు ఇవాళ ఉండదు. నిన్న తొమ్మిదో ఐరన్‌తో చేరిన గ్రీన్‌కి, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, ఇవాళ అయిదో ఐరన్ కావాల్సి రావచ్చు. ఐరన్ క్లబ్బు నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది తర్వాతి మాట. 2027 జూలైలో ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ సెయింట్ ఆండ్రూస్‌లోనే జరుగుతుంది. ఆ వేసవి వదిలెయ్. ఏర్పాట్లూ జనమూ కలిసి అక్కడి ఓల్డ్ కోర్సు మనలాంటి వాళ్లకు అందదు. 2028 మే చివరి వారం నుంచి జూన్ నడిమి దాకా చూసుకో. గోర్స్ అనే ముళ్లపొదలు పసుప్పచ్చగా పూసే కాలం దాటుతూ ఉంటుంది, ఆట దారికి పక్కన కోయకుండా వదిలిన రఫ్‌లో గడ్డి ఇంకా దట్టం కాదు, రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. జూలైకల్లా గడ్డి మోకాళ్లకి వచ్చి బంతులు మింగేస్తుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో డన్‌హిల్ గోల్ఫ్ పోటీలు వస్తాయి. అప్పుడు ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మూడూ వాళ్ల చేతిలోనే ఉంటాయి. చలికాలంలో ఓల్డ్ కోర్సు ఫెయిర్‌వే మీద, అంటే గ్రీన్‌దాకా నున్నగా కోసిన దారి మీద, చిన్న మ్యాట్ వేసుకుని కొట్టాలి. అంత దూరం వెళ్లి మ్యాట్ మీద ఆడటం ఎందుకు?

ఓల్డ్ కోర్సు సంగతి విడిగా చెప్పాలి. అది ఏ క్లబ్బు సొత్తూ కాదు, ఊరి ఉమ్మడి నేల. నడిపేది సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్. టీ టైము, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట (టీ) నీకిచ్చే సమయం, దొరకడానికి ముఖ్యమైన దారులు మూడు. ఒకటి, ముందు ఏడాది అక్కడి వేసవి చివర ట్రస్టుకి నేరుగా దరఖాస్తు. రెండోది బ్యాలట్. ఆడదలచిన రోజుకి రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు. కనీసం ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు ఉండాలి. ఒంటరిగా వచ్చినవాళ్లకి ముందురోజు అక్కడికి స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకునే డ్రా వేరే ఉంది. అది మూడో దారి. ఆదివారం ఆట ఉండదు. కాబట్టి సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న ప్రతిరోజూ బ్యాలట్‌లో పేరు వెయ్యి. బ్యాలట్‌లో పేరు తగిలితే ఆరోజు వేరేచోట కట్టిన డబ్బు పోకుండా, మిగతా రౌండ్లు ఊళ్లోనే న్యూ, జూబిలీ, ఈడెన్ కోర్సుల్లో పెట్టుకో. న్యూ కోర్సు పేరుకే కొత్తది, 1895 నాటిది. పేరు తగల్లేదని యాత్ర పాడైనట్టు కాదు. ఫీజు మాత్రం గుర్తుంచుకో: ఓల్డ్ కోర్సు మీద ఒక్క రౌండు 300 పౌండ్లు దాటిపోయింది, మన డబ్బులో ముప్పై వేల పైమాటే. చాలా కోర్సుల్లో సాయంత్రం పూట ఫీజు తగ్గిస్తారు. జూన్ పొద్దు తెలుసుగా, అయిదున్నరకి మొదలుపెట్టినా పద్దెనిమిది హోల్సూ వెలుతురుండగానే ముగుస్తాయి.

వీటన్నిటికీ ముందు హ్యాండిక్యాప్ కార్డు కావాలి. హ్యాండిక్యాప్ అంటే నీ ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట. ఆ కార్డు లేకపోతే ఓల్డ్ కోర్సులో మొదటి టీ దగ్గరే ఆపేస్తారు. అక్కడ 36 దాకా ఒప్పుకుంటారు, కొన్ని క్లబ్బులు ఇంకా తక్కువ అడుగుతాయి. 2020 నుంచి మన దేశంలోనూ ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతే నడుస్తోంది. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద ఉన్న క్లబ్బులో చేరి 54 హోల్స్ స్కోరు కార్డులిస్తే లెక్క మొదలవుతుంది. ఇరవై కార్డులు పోగైతే వాటిలో మంచివి ఎనిమిది తీసి సగటు కడతారు. అప్పుడే అది నీ అసలు ఆటకి దగ్గరగా ఉంటుంది. నీకు దగ్గర విశాఖ ఈస్ట్ పాయింట్. నెలకి రెండుసార్లు వెళ్లినా ఏడాదిలోపు ఇరవై కార్డులవుతాయి. మంచి రోజుల కార్డులు మాత్రమే ఇవ్వకు. తగ్గించుకున్న హ్యాండిక్యాప్‌తో అక్కడికి వెళ్లి గాలిలో ఆడితే నలిగిపోయేది నువ్వే.

ఇక ఆట. నిజమైన ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ఇది శ్రద్ధగా చదువు.

లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ నడుమ మిగిలిన ఇసుక నేల. మన ఉద్దానం వైపు దిబ్బలు తలుచుకో. సరుగుడు తోటలూ మొగలి పొదలూ తీసేసి, రావణాసురుడి మీసాల చోట మర్రామ్ గడ్డి, మొగలి చోట గోర్స్ ఊహించుకో. కింద ఇసుక కాబట్టి వాన నీరు నిలవదు, నేల గట్టిగా ఉంటుంది. సన్నని ఫెస్క్యూ గడ్డి నేలకి అంటుకుని ఉంటుంది. బంతి పడ్డచోట ఆగదు, ఎగిరి దొర్లుతుంది. మనవైపు మెత్తటి గడ్డి మీద బంతిని పైకి లేపి గ్రీన్ మీద దించడం అలవాటు. అక్కడ అలా దించితే వెనక్కి పోయి గొయ్యిలో పడుతుంది. గ్రీన్‌కి పది, ఇరవై గజాల ముందే దించి దొర్లనివ్వాలి. నార్త్ బెరిక్ పదిహేనో హోల్, రెడాన్, దీనికి పాఠం లాంటిది. గ్రీన్ ముందు కుడి నుంచి వెనక ఎడమకి వాలి ఉంటుంది. జెండా మీదికి గురిపెట్టినవాడి బంతి నిలవదు, కుడివైపు ముందర దించినవాడి బంతి తనంతట తనే జెండా దగ్గరికి నడిచిపోతుంది.

ఈ దొర్లే దెబ్బ ఇక్కడే నేర్చుకోవచ్చు. సంక్రాంతి తర్వాత వరి కోసిన మడిలో నేల బిగిసి ఉంటుంది. యజమానిని అడిగి, కొయ్యకాళ్లు లేని జాగా చూసుకో. ముప్పై గజాల దూరంలో ఒక తువ్వాలు పరుచుకో. ఏడో ఐరన్ తీసుకుని, బంతిని వెనక పాదం వైపు పెట్టి, చేతులు బంతికి ముందుంచి, గ్రీన్ మీద బంతిని దొర్లించే పుట్టర్ ఊపినట్టే ఊపు. మణికట్టు విరగకూడదు. సమంగా ఉన్న నేల మీద సుమారు నాలుగో వంతు దూరం గాల్లో, మూడు వంతులు నేల మీద పోవాలి. తొమ్మిదో ఐరన్‌తో మూడో వంతు గాల్లో పోతుంది. రోజుకి నలభై బంతులు చాలు. తప్పు ఎక్కడ వస్తుందంటే, బంతిని లేపుదామని చివర్లో మణికట్టు తిప్పేస్తారు. క్లబ్బు అంచు బంతి నడుముకి తగిలి అది యాభై గజాలు దూసుకుపోతుంది. గ్రీన్ బయట నున్నటి గడ్డి ఉంటే ఐరన్ కూడా వద్దు, పుట్టర్ తియ్యి. అక్కడి వాళ్లందరూ అదే చేస్తారు.

రెండోది గాలి. కళింగపట్నంలోనో చింతపల్లి తీరంలోనో మధ్యాహ్నం రెండు దాటాక సముద్రపు గాలి బలుస్తుంది. అదే నీ బడి. తీరానికి లోపలివైపు, వలలూ పడవలూ మనుషులూ లేని చోట, ఒడ్డుకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా కొట్టు. ఒక్క బంతీ సముద్రంలోకి పోకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక జోలికి వెళ్లకు. ఎదురుగాలిలో గట్టిగా కొట్టాలనిపిస్తుంది. అదే పెద్ద తప్పు. గట్టిగా కొట్టేకొద్దీ బంతికి సుడి ఎక్కువై గాలిపటంలా పైకి లేచి నిలబడిపోతుంది. రెండు నంబర్లు తక్కువున్న, దూరం పోయే క్లబ్బు తీసుకో, పట్టు అంగుళం కిందికి జార్చు, బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి పెట్టు, ముప్పావు ఊపు ఊపి చేతులు ఛాతీ ఎత్తులోనే ఆపు. గంటకి పది మైళ్ల ఎదురుగాలికి ఒక క్లబ్బు పెంచమని లెక్క. వెనకగాలి అంత సాయం చెయ్యదు, ఎదురుగాలి తీసుకున్నంత అది తిరిగివ్వదు. పక్కగాలిలో బంతిని తిప్పి గాలితో పోట్లాడకు. గురిని గాలి వచ్చేవైపు జరిపి, అదే తెచ్చి పెట్టేలా కొట్టు.

బంకర్ల, అంటే ఇసుక గోతుల, విషయంలో పంతం పనికిరాదు. ఓల్డ్ కోర్సు మీద 112 ఉన్నాయి. గోడలు పచ్చగడ్డి పెళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి నిలువుగా కట్టినవి. చుట్టూ నేల లోపలికి వాలి ఉంటుంది కాబట్టి, చూడ్డానికి చిన్న గొయ్యి అయినా పెద్ద వలలా బంతుల్ని లాగేస్తుంది. బంతి ముందుగోడకి దగ్గరగా ఉంటే పక్కకో వెనక్కో బయటపడు. ఒక దెబ్బ పోతుంది, అంతే. జెండా వైపే కొడతానని పట్టుబడితే నాలుగు పోతాయి. పద్నాలుగో హోల్‌లో హెల్, పదిహేడులో రోడ్ బంకరు, ఈ రెండిటి దగ్గరా ఈ మాట గుర్తు తెచ్చుకో.

పుటింగ్ కూడా దూరం మీదే సాధన చెయ్యి. ఓల్డ్ కోర్సులో ఏడు గ్రీన్లు జంట గ్రీన్లు, రెండేసి హోల్స్ ఒకే గ్రీన్ పంచుకుంటాయి, ఆ రెండు నంబర్లూ కూడితే పద్దెనిమిది వస్తుంది. ముప్పై గజాల పుట్ మామూలే. మూడడుగులవి కాదు, ఇరవై అయిదు అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి ఇరవై అయిదు గజాలదాకా దగ్గరికి చేర్చడం నేర్చుకో. గాలికి బంతి కదలకుండా అక్కడి గ్రీన్లు కాస్త నెమ్మదిగానే ఉంచుతారు. కాబట్టి తెగువగా కొట్టు.

ఓల్డ్ కోర్సు మొదటి రౌండుకి, బ్యాగు మోస్తూ దారి చెప్పే క్యాడీని తప్పకుండా పెట్టుకో. నీ కళ్లకి దిబ్బ తప్ప ఏమీ కనిపించదు, అతను దూరంగా ఏదో గోపురం చూపించి అటు కొట్టమంటాడు. అటే కొట్టు. ఎటూ తేలనప్పుడు ఎడమకి కొట్టు, ఆ కోర్సులో ప్రమాదమంతా ఎక్కువగా కుడివైపే. ఈలీలో మొదటి టీ ముందు గుట్ట అడ్డం కాబట్టి, జలాంతర్గామి నుంచి తెచ్చిన పెరిస్కోప్‌లో చూసి ముందువాళ్లు వెళ్లారో లేదో తెలుసుకుంటారు. కొన్నిచోట్ల గంట ఉంటుంది, నువ్వు దాటాక వెనకవాళ్ల కోసం కొట్టి వెళ్లాలి. బంతి వెతకడానికి మూడు నిమిషాలే. అనుమానమొస్తే అక్కడే రెండోది కొట్టి కదులు. నాలుగు గంటల్లో రౌండు ముగించడం అక్కడ మర్యాద.

బండి ఆశించకు, నడకే. ఒక రౌండుకి పది కిలోమీటర్ల పైన. ఇప్పటినుంచే వారానికి మూడుసార్లు, బ్యాగు భుజాన వేసుకుని నడువు. ఇసుకలో నడిస్తే పిక్కలు గట్టిపడతాయి. రామతీర్థం కొండ మెట్లు ఎక్కినా మంచిదే.

బ్యాగులో పద్నాలుగు క్లబ్బులకి మించకూడదు. బంతిని బాగా పైకి లేపే 60 డిగ్రీల వెడ్జ్ క్లబ్బు తీసేసి, బంతిని తక్కువ ఎత్తులో పంపే పెద్ద ఐరనో హైబ్రిడో పెట్టు. శాండ్ వెడ్జ్ అడుగు ఉబ్బు ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. పన్నెండు, పద్నాలుగు ఉన్నవి మెత్తటి ఇసుకకి. గట్టినేల మీద అవి ఎగిరి బంతి నెత్తికి తగులుతాయి. గొడుగు ఆ గాలికి నిలవదు. వాన కోటుతోపాటు వాన ప్యాంటు కూడా కొను, చాలామంది ప్యాంటు మరిచి రెండో రోజే జలుబు తెచ్చుకుంటారు. వాన గ్లవ్స్ రెండు జతలు, బూట్లు రెండు జతలు, ఉన్ని టోపీ, రెండు డజన్ల బంతులు. జూన్‌లో కూడా పదిహేను డిగ్రీలే, గాలితో ఇంకా తక్కువనిపిస్తుంది.

విమానానికి, డ్రైవర్ అనే పొడుగు క్లబ్బు తల విప్పి, మేజోళ్లలో చుట్టి చక్రాల కవరులో పెట్టు. అన్నిటికంటే పొడుగైన క్లబ్బు కన్నా రెండంగుళాలు పొడుగున్న గట్టి కర్ర మధ్యలో నిలబెడితే, తలకిందులుగా పడేసినా దెబ్బ కర్రకే తగులుతుంది. దూరం కొలిచే యంత్రంలో లిథియం బ్యాటరీ ఉంటే చేతిసంచిలో పెట్టుకో. విశాఖ నుంచి ఎడిన్‌బరో దాకా ఒకే టికెట్టు తీసుకో, విడివిడి టికెట్లయితే మధ్యలో బ్యాగు జాడ తప్పితే పూచీ ఎవరిదీ కాదు. ఒక జత బూట్లు, వాన కోటు చేతిసంచిలో ఉంచుకో. దిగిన మర్నాడు రౌండు పెట్టుకోకు.

బ్రిటన్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చెయ్యొచ్చు, మామూలుగా మూడు వారాలు పడుతుంది. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పన్ను రిటర్నులు, ఆఫీసు సెలవు లేఖ, టీ టైము ధ్రువపత్రాలు పెట్టు. చివరి నెలలో ఒక్కసారిగా పెద్ద మొత్తం ఖాతాలో వేస్తే అనుమానిస్తారు. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటే ఆ కాగితం దాచుకో, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అక్కడ మన డ్రైవింగ్ లైసెన్సు ఏడాదిదాకా చెల్లుతుంది, నడిపేది మనలాగే ఎడమవైపు. ముగ్గురు వెళ్తే వెనక డిక్కీ పొడుగున్న కారే మాట్లాడుకో, మూడు గోల్ఫ్ బ్యాగులు మామూలు కారులో పట్టవు.

శనివారం దిగేలా చూసుకో. ఆదివారం ఓల్డ్ కోర్సు మీద ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని తిరుగుతారు, నువ్వూ నడవొచ్చు. పద్దెనిమిదో గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు. గ్రీన్ నుంచి టీ వైపు చూసినప్పుడే ఏ బంకరు దేనికోసం కాచుకుని ఉందో తెలుస్తుంది. చిన్న పుస్తకంలో గీసుకో.

ఈ నెలలోనే ఈస్ట్ పాయింట్‌కి వెళ్లి కార్డు పని మొదలుపెట్టు. మొదటి మూడు కార్డులు పూర్తయ్యాక నాకు పంపు. మొత్తం స్కోరు ఒక్కటే రాయకు, ప్రతి హోల్‌లో ఎన్ని పుట్లు పట్టాయో, గ్రీన్‌కి ఏ క్లబ్బుతో కొట్టావో పక్కన రాసి పంపు.

ఇట్లు
మావయ్య