సైకెడెలిక్ అనుభవాన్ని రచనా శిబిరంతో కలిపితే రాత బాగుపడుతుందా?

ప్రశ్న: విశాఖలో మేము ఆరుగురం కథలు రాస్తుంటాం. అరకులో మూడు రోజుల రచనా శిబిరం పెట్టుకోవాలని అనుకుంటున్నాం. ఎల్‌ఎస్‌డీ, మేజిక్ పుట్టగొడుగుల వంటివి తోడైతే రాత దానంతట అదే వస్తుందని మాలో ఒకరు గట్టిగా చెబుతున్నారు. ఎవరికైనా స్వానుభవం ఉందా?

నాకు ఉంది. అయితే అది అరకులో కాదు, నెదర్లాండ్స్‌లో. ఉద్యోగరీత్యా అక్కడ ఉన్న రోజుల్లో, 2018 అక్టోబరులో, ఊరికి దూరంగా పొలాల మధ్య ఉన్న ఒక పాత ఇంట్లో తొమ్మిది మందిమి మూడు రోజుల శిబిరంలో కూర్చున్నాం. ఆ దేశంలో 2008 డిసెంబరు నుంచి మేజిక్ పుట్టగొడుగుల అమ్మకాన్ని నిషేధించారు గానీ, ఆ శిలీంధ్రమే నేలలో కట్టే గడ్డలను, అంటే ట్రఫుల్స్‌ను, నిషేధంలో చేర్చలేదు. అందువల్ల ఇటువంటి శిబిరాలు అక్కడ బహిరంగంగానే నడుస్తాయి. మన దగ్గర సైలోసిబిన్ (ఈ పుట్టగొడుగుల్లో, ట్రఫుల్స్‌లో ఉండే మత్తు పదార్థం), ఎల్‌ఎస్‌డీ రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, కిందికి వస్తాయి. ఎల్‌ఎస్‌డీ గ్రాములో పదో వంతు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తారు, అప్పుడు కనీస శిక్ష పదేళ్లు. గంజాయి కోసం బండ్లు ఆపి తనిఖీ చేసే దారిలోనే మీరు అరకు వెళ్లాలన్న సంగతి మీ మిత్రుడికి గుర్తుందో లేదో నాకు తెలియదు.

అక్కడ ముందుగా పంపిన ప్రశ్నావళిలో బైపోలార్ వ్యాధికి ఇచ్చే లిథియం మందు వాడుతున్నారా, కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా గానీ బైపోలార్ వ్యాధి గానీ ఉన్నాయా, గుండె జబ్బు ఉందా అని నిలదీసినట్టు అడిగారు. ఆ కాగితం చూసే ఇద్దరిని రావద్దన్నారని తరువాత తెలిసింది. అరకులో మీరు దిగే హోమ్‌స్టేలో ఈ ప్రశ్నలు అడిగే బాధ్యత మీ ఆరుగురిలో ఎవరిదో ముందు తేల్చుకోండి.

ట్రఫుల్స్‌ను నూరి, అల్లం వేసి కాచిన నీళ్లలో కలిపి ఇచ్చారు. రుచి పులిసిన చేదు. ముప్పావు గంటకు గోడ చెక్కల మీది గీతలు ఊపిరి పీలుస్తున్నట్టు కదలడం మొదలైంది. ఈ అనుభవం గురించి రాసే ప్రతివారూ ఇదే రాస్తారు కనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. ఆ గుంపులో భారతీయుణ్ని నేనొక్కణ్నే కావడంతో, మోక్షం మా ఇంట్లో వాటాలుగా పంచుకునే ఆస్తి అన్నట్టు అందరూ నా వైపు చూశారు. గాయత్రీ మంత్రం రికార్డు పెట్టి, నా కళ్లు ఎప్పుడు మూతపడతాయా అని ఎదురుచూశారు. నాకు మాత్రం మన విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపల వాసన వచ్చింది.

సాయంత్రానికి పదకొండు పేజీలు రాశాను. రాస్తున్నంతసేపూ, తెలుగులో ఇంతవరకు ఎవరికీ తట్టని వాక్యాలు నాకు తడుతున్నాయన్న నమ్మకం ఎంత బలంగా ఉండిందంటే, ఆనందంతో చేయి వణికింది. రాత్రి కొంత చదివి వినిపిస్తే అందరూ అద్భుతమన్నారు. మర్నాడు ఉదయం కాఫీ తాగి చూసుకుంటే ఒక పేజీ నిండా "ఉప్పుకు అన్నీ తెలుసు" అన్న ఒకే వాక్యం ఉంది. మిగిలిన పేజీల్లో "తలుపు" అన్న మాట ముప్పై ఏడు సార్లు ఉంది, లెక్కపెట్టాను. అది ఏ తలుపో ఎక్కడా రాయలేదు.

రెండో రోజు ట్రఫుల్స్ లేవు, రాత మాత్రమే. నిర్వాహకురాలు చాలా ఏళ్లు బడిలో భాష చెప్పి విరమించుకున్న పెద్దావిడ. వెలుగు, ప్రేమ, విశ్వం, అనంతం అన్న మాటలు వాడకుండా, నిన్నటి కాగితాల్లోంచి చేత్తో ముట్టుకోగల వస్తువు ఒకదాన్ని ఎంచుకుని గంటసేపు రాయమన్నారు. నేను తలుపును ఎంచుకున్నాను.

ఇరవై నిమిషాలు రాశాక అది పెదవాల్తేరులో మా మేడ మీది తలుపని తేలింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన మధ్యాహ్నం, గడియ ఊడిపోవడంతో నాన్న ఆ తలుపుకు వీపు ఆనించి, కాళ్లు ఎదుటి గోడకు తన్నిపెట్టి రెండు గంటలకు పైగా కూర్చున్నారు. ఈ సంగతి అంతకుముందు ఎందరికో చెప్పాను గానీ, ప్రతిసారీ గాలి గురించి, కూలిన చెట్ల గురించి మాత్రమే చెప్పాను. గాలి తగ్గి నాన్న లేచి నిలబడినప్పుడు ఆయన తడి బనీను వెనక తలుపు తాలూకు నీలం రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయన్నది ఆ ఉదయం రాస్తుండగానే మొదటిసారి గుర్తుకొచ్చింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా వాటిని గోటితో ఒక్కొక్కటే గీరి తీసింది. "ఉండవే, స్నానం చేస్తాను కదా" అన్నారు నాన్న. కుళాయిలో నీళ్లు రావడానికి నాలుగు రోజులు పట్టింది.

చదివినప్పుడు మెచ్చుకోకూడదు, గుర్తున్న ఒక్క మాట మాత్రమే చెప్పాలన్నది అక్కడి పద్ధతి. నేను అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పెచ్చులకు మాట తట్టక గోటితో బల్ల గీరి చూపించాను. విన్న ఎనిమిది మందిలో ఆరుగురు బనీను అన్నారు.

తలుపును పైకి లాగింది ట్రఫుల్సేనని ఒప్పుకుంటాను. బనీను మాత్రం రెండో రోజు రాతలో దొరికింది, అది కథ కావడానికి మరో ఎనిమిది నెలలు, నాలుగు తిరగరాతలు పట్టాయి. 2021లో మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలోనూ, సైలోసిబిన్ ప్రభావంలో ఉన్నవారికి తమ ఆలోచనలు గొప్ప మెరుపుల్లా అనిపించాయి గానీ, ఇచ్చిన పనిలో సృజన చూపే శక్తి ఆ సమయంలో తగ్గింది. కొత్త ఆలోచనలు పెరిగినట్టు కనిపించింది ఏడు రోజుల తరువాతే. ఆ వార్త చదివినప్పుడు నా పదకొండు పేజీలు తీసి మా ఆవిడకు చూపించాను.

మన ఋషులు తాగిన సోమరసం ఇదేనని మీ మిత్రుడు అనకముందే ఒక మాట. సోమం పుట్టగొడుగేనని 1968లో పుస్తకం రాసిన గోర్డన్ వాసన్ వృత్తిరీత్యా బ్యాంకరు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. నిజమే అనుకున్నా, ఋగ్వేదం తొమ్మిదో మండలంలో సోముడి మీద ఉన్న 114 సూక్తాలూ ఛందస్సులో ఉన్నాయి. గోడలు ఊపిరి పీలుస్తుండగా జగతీ అనే వేద ఛందస్సులో పాదానికి పన్నెండు అక్షరాలు లెక్కపెట్టడం మనిషికి సాధ్యం కాదు. నాకు అయిదు వరకు లెక్కపెట్టడం కూడా సాధ్యపడలేదు.

కనుక అరకు వెళ్లండి, సరుకు లేకుండా వెళ్లండి. ఫోన్లు ఒక సంచిలో వేసి హోమ్‌స్టే వారికి అప్పగించండి. ఆ నాలుగు మాటలను నిషేధించే నియమం, మెచ్చుకోలు లేకుండా వినే పద్ధతి పెట్టుకోండి. పుస్తకాలు రూళ్లవి కొనండి. నేను తెల్లకాగితాల పుస్తకం పట్టుకెళ్లడం వల్ల ఆ పదకొండు పేజీల్లో మూడింటి మీద పంక్తులు ఒకదానిపై ఒకటి ఎక్కి, వాటిలో ఏముందో ఇప్పటికీ చదవలేకపోతున్నాను.