డాలస్ పెరట్లో విత్తనం ఎప్పుడు వేయాలి?

ఫిబ్రవరిలో రెండు మూడు రోజులు వరసగా 80 డిగ్రీలు (ఇక్కడ అంతా ఫారెన్‌హీట్ లెక్కే) కొట్టిందంటే చాలు, కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్లంతా అడిగేది ఒకటే: "ఎండలు వచ్చేశాయి కదండీ, బెండ, బీర విత్తనాలు వేసేయొచ్చా?" వేయకండి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, ఈ చుట్టుపక్కల మీరెక్కడున్నా సరే, ఫిబ్రవరి ఎండను నమ్మి బెండ విత్తనం వేస్తే అది చల్లటి మట్టిలో మొలకెత్తకుండానే కుళ్లిపోతుంది. ఇక్కడ సగటున ఆఖరి ఫ్రీజ్, అంటే నీళ్లు గడ్డకట్టేంత చలి, మార్చి మధ్యలో ఉంటుంది, ఒక్కో ఏడాది ఏప్రిల్‌లోనూ పడుతుంది. మన ఊళ్లో తొలకరి పడితే విత్తుతాం, వానే లెక్క. ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత లెక్క. ఫోన్లో వెదర్ చూసేటప్పుడు పైనున్న పెద్ద అంకె వదిలేసి, రాత్రికి ఎంత ఉంటుందో చెప్పే ఆ చిన్న అంకె చూడటం అలవాటు చేసుకోండి. పెరట్లో మీరు చేసే ప్రతి పనీ దాన్ని బట్టే ఉంటుంది.

టమాటా సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ మొదట పెట్టేది అదే. నారు జనవరి మధ్యలో ఇంట్లోనే, బాగా వెలుతురొచ్చే కిటికీ దగ్గరో లైటు కిందో పోసుకుని, మార్చి రెండో సగంలో బయట నాటాలి. దుకాణాల్లో ఫిబ్రవరి ఆఖరుకే మొక్కలు వరసలుగా పెట్టేస్తారు, అమ్ముతున్నారు కదా అని అప్పుడే నాటకండి, కొన్నా పెద్ద కుండీలోకి మార్చి పగలు బయట, రాత్రి లోపల ఉంచండి. అలాగని మరీ ఆలస్యం చేసినా పనికిరాదు, జూన్ వచ్చేలోపు పిందె పడకపోతే ఆ మొక్క వేసవంతా ఆకులతోనే ఉండిపోతుంది. మిరప, వంగ ఇంకాస్త ఆగి, మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో. బెండ, బీర, సొర, కాకర, దోస మాత్రం రాత్రులు 60 దగ్గర నిలబడ్డాకే, అంటే ఇంచుమించు ఏప్రిల్ నడిమికి. మట్టిలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. పొద్దున్నే నాలుగంగుళాల లోతున 70కి దగ్గరగా చూపిస్తే బెండ వేసేయండి, వారం పది రోజుల్లో మొలిచేస్తుంది. మార్చిలో వేసి నెల రోజులు ఎదురుచూసినవాళ్ల కంటే మీకే ముందు కాయ వస్తుంది.

ఇక మట్టి. మన నల్లరేగడి చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, డాలస్ చుట్టూ ఉన్నది అదే జాతి మట్టి. తడిస్తే చెప్పులకు అంటుకుని వదలదు, ఎండితే వేళ్లు దూరేంత బీటలు. బలమైన మట్టే, కానీ నీరు దిగదు, వేళ్లకు గాలి ఆడదు. తడిగా ఉన్నప్పుడు తవ్వితే గడ్డలు కట్టి ఆ సీజనంతా అలాగే ఉంటుంది, కాబట్టి పిడికెడు తీసి నలిపి చూడండి, పొడి పొడిగా రాలితేనే పార పట్టండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి, కనీసం రెండు పనిదినాల ముందు, వాళ్లు వచ్చి గ్యాస్, కరెంట్, ఇంటర్నెట్ లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గుర్తు పెట్టి వెళ్తారు, ఖర్చేమీ ఉండదు. ఇసుక కలపకండి, ఈ మట్టిలో ఇసుక పడితే ఇటుకలా గట్టిపడుతుంది. కంపోస్ట్, దాంతో పాటు ఎక్స్‌పాండెడ్ షేల్ అని ఇక్కడి నర్సరీల్లో దొరికే గులకలాంటిది కలపండి, లేదా పది పన్నెండంగుళాల ఎత్తున మడి కట్టుకోండి, మొదటి ఏడాదికి అదే తేలిక.

ఇంకో ముఖ్యమైన మాట, బూడిద చల్లకండి. ఊళ్లో అమ్మమ్మ వంగ మొక్కల మీద పురుగు పడితే పొయ్యి బూడిద చల్లడం చాలామంది చూసే ఉంటారు, అది అక్కడ సరిపోయింది. డాలస్ మట్టి అసలే క్షారం ఎక్కువ, బూడిద పడితే అది ఇంకా పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, కొత్త ఆకులు పసుపుపచ్చగా మారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడతాయి. అలా కనిపిస్తే ఎరువు కుమ్మరించొద్దు, కీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, వేయండి. అనుమానంగా ఉంటే కాలేజ్ స్టేషన్‌లో ఉన్న టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మట్టి పరీక్ష ల్యాబ్‌కి పోస్టులో మట్టి పంపొచ్చు. కాలిన్, డెంటన్, డాలస్, టారెంట్ కౌంటీల్లో మాస్టర్ గార్డెనర్లు, అంటే తోటపనిలో శిక్షణ పొందిన వాలంటీర్లు, ఉన్నారు, అడిగితే ఓపిగ్గా చెప్తారు, మొహమాటపడకండి.

వేసవి. 2011లో ఇక్కడ 71 రోజులు 100 డిగ్రీలు దాటింది. అంత లేని ఏడాదైనా జులై, ఆగస్టు గట్టిగానే ఉంటాయి. జూన్ ఆఖరు నుంచి "టమాటా పూస్తోంది కానీ పూతంతా రాలిపోతోంది, ఏం మందు కొట్టాలి?" అని అడుగుతారు. మందు లేదు. రాత్రి 75 దాటితే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది, మొక్కకి జబ్బేమీ లేదు. నీళ్లు పోస్తూ ఉండండి, లేదంటే పీకేసి జులైలో కొత్త నారు నాటండి, రాత్రులు చల్లబడ్డాక అక్టోబర్‌లో కాస్తుంది. చెర్రీ టమాటా ఎండకి కాస్త తట్టుకుంటుంది, ఒకటి రెండు అవి కూడా పెట్టుకోండి. ఆ వేడిలో హాయిగా పెరిగేవి మనవే: బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, బీర, కాకర. సూపర్‌మార్కెట్ విత్తనాల ర్యాక్‌లో కనిపించే పాలకూర, లెట్యూస్ మే తర్వాత పెట్టి టెన్షన్ పడే బదులు, ఆ చోటు తోటకూరకి ఇచ్చేయండి.

నీళ్లు తెల్లవారుజామున, తక్కువసార్లు, లోతుగా. సాయంత్రం నాలుగింటికి సొరతీగ ఆకులు వాలిపోయి చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, వెంటనే పైపు పట్టుకోబుద్ధేస్తుంది. ఆగి రెండంగుళాల లోతుకి వేలు పెట్టి చూడండి, తడి ఉంటే పొద్దు వాలాక ఆకులు వాటంతటవే లేస్తాయి. తడి ఉన్నా రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. మొక్కల మొదట్లో రెండు మూడంగుళాల మల్చ్ (ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటిది) వేయండి, పడమటి ఎండ తగిలే చోట 30 నుంచి 50 శాతం ఎండను ఆపే షేడ్ క్లాత్ కట్టండి. స్ప్రింక్లర్ల మీద ఊరూరికీ నిబంధనలుంటాయి. డాలస్ సిటీలో వారానికి రెండు రోజులు మించకూడదు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 మధ్య వేయకూడదు. మీ సిటీ వెబ్‌సైట్ చూసుకోండి. ఎత్తుగా పందిరి వేసే ఆలోచన ఉంటే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు కూడా ముందే చదవండి, వేసిన పందిరి విప్పడం చాలా బాధ.

చిక్కుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్‌లో పెట్టిన పాదు జులైకల్లా ఫెన్సింగంతా కమ్మేస్తుంది, ఒక్క పూత ఉండదు, ఎరువు చాలలేదేమో అని ఇంకా వేస్తారు, తీగ ఇంకా పెరుగుతుంది, ఆఖరికి విసుగొచ్చి ఆగస్టులో కోసిపారేస్తారు. మన దేశవాళీ చిక్కుడు రకాలు చాలావరకు పగలు కురచైతేనే పూస్తాయి. జూన్‌లో డాలస్‌లో పగలు 14 గంటలు దాటుతుంది, హైదరాబాద్‌లో 13 పైచిలుకు. అందుకే ఇక్కడ పూత సెప్టెంబర్, అక్టోబర్‌లో గానీ రాదు. నత్రజని ఎరువు ఆపేసి పాదుని బతికించుకుంటే చాలు, నవంబర్ మూడో వారం చుట్టూ మొదటి ఫ్రీజ్ వచ్చేదాకా సంచుల కొద్దీ కోస్తారు.

కొత్తిమీర, మెంతికూర వేసవిలో వేస్తే రెండాకులు రాకముందే పూతకొచ్చేస్తాయి. సెప్టెంబర్ ఆఖర్న, అక్టోబర్‌లో చల్లండి. తేలికపాటి ఫ్రీజ్‌ని కొత్తిమీర తట్టుకుంటుంది, ఏప్రిల్ దాకా ఇంటి కొత్తిమీరే. వడగళ్లు మార్చి నుంచి మే వరకు ఎప్పుడైనా పడొచ్చు, తుఫాను హెచ్చరిక రాగానే కుండీలు ప్యాషియో కప్పు కిందకి లాగేయండి. మడిలో మొక్కల మీద బోర్లించడానికి నాలుగు బకెట్లు దగ్గరుంచుకోండి, వానలోకి మాత్రం వెళ్లకండి.

చలి గురించి చెప్పాలంటే, ఇక్కడ మామూలు శీతాకాలం ఏమంత బాధ పెట్టదు. ఒక్కసారిగా దిగే ఫ్రీజ్‌తోనే కష్టం. 2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్) విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. పైగా కరెంటు లేదు. ఏళ్ల తరబడి పెంచుకున్న చెట్లు ఎందరివో పోయాయి. ఫ్రీజ్ హెచ్చరిక వస్తే ముందురోజు పగలే మట్టిని బాగా తడపండి, తడి నేల వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. మొక్కల మీద కప్పే ఫ్రాస్ట్ క్లాత్‌ని (చలి ఆపే గుడ్డ) నేల దాకా దించి అంచుల మీద రాళ్లు పెట్టండి. ప్లాస్టిక్ కవర్ ఆకులకి తగిలితే తగిలినచోటే మాడిపోతుంది. గొట్టాలు పంపు నుంచి విప్పేసి పంపుకి తొడుగు వేయండి. తర్వాత మొక్క నల్లబడిందని వెంటనే కత్తిరించొద్దు. ఏప్రిల్‌లో గోటితో కాండం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

కరివేపాకు, మల్లె కుండీలోనే పెంచండి, ఇక్కడ నేలలో పెడితే నిలవవు. రాత్రి 45కి దిగుతుందంటే లోపలికి తెచ్చేయాలి. ఇంట్లో హీటర్‌కి కరివేపాకు ఆకులు రాల్చేస్తుంది, చచ్చిపోయిందని పారేయకండి, నీళ్లు తగ్గించి వెలుతురులో ఉంచితే వసంతంలో చిగురేస్తుంది. మొక్కని ఇక్కడి నర్సరీలోనే కొనండి. నిమ్మ, నారింజ చెట్లని చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది, దాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుంది, అందుకే ఈ మొక్కని రాష్ట్రాలు దాటించడం మీద ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి తాజా కరివేపాకు అసలు తేవద్దు. విత్తనాలకైనా ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవని అధికారులిచ్చే పత్రం, కావాలి, అది లేకుండా సూట్‌కేసులో దాచి తెచ్చి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడకండి, గోంగూర నుంచి పొట్ల దాకా అన్నీ ఇక్కడి విత్తన కంపెనీలే అమ్ముతున్నాయి. ఏప్రిల్‌లో కుండీలు బయటికి తెచ్చినప్పుడు ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి, మొదటి వారం చెట్టు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండలోకి జరపండి.