రూఫర్ ఇచ్చిన రిపోర్టుతో క్లెయిము నిలుస్తుందా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. నిరుడు వడగండ్ల వానకు మా ఇంటి కప్పు దెబ్బతిన్నది. తలుపు తట్టి వచ్చిన ఒక రూఫర్ (కప్పు పనులు చేసే కాంట్రాక్టరు) పైకెక్కి చూసి రిపోర్టు ఇచ్చాడు. ఇన్సూరెన్సు కంపెనీతో తానే మాట్లాడతానంటే సంతకం చేశాము. కప్పు పాతబడిందని కంపెనీ క్లెయిము తిరస్కరించింది. ఒప్పందం వద్దనుకుంటే పరిహారం కట్టమంటున్నాడు. కాదంటే బిల్లు పెంచి రాసి మళ్ళీ పంపుదాం, డిడక్టబుల్ (క్లెయిములో మేము సొంతంగా భరించాల్సిన మొత్తం) మాఫీ చేస్తానంటున్నాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల గదిలోనే నీరు కారుతోంది. మాకు న్యాయం జరగదా?

జవాబు: మీ ఉత్తరమంతా కంపెనీ మీద కోపమే. వ్యవహారం తేలేది మాత్రం మీరు చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితం మీద. టెక్సాస్‌లో రూఫింగు పనికి రాష్ట్ర లైసెన్సు అనేదే లేదు కనుక, అతను కప్పు చూసి ఫోటోలు, అంచనా ఇవ్వడంలో తప్పు లేదు. అయితే ఇంటివారి తరఫున క్లెయిము బేరం మాట్లాడాలంటే పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్సు ఉండాలి. అది ఉన్నా, తాను పని చేయబోయే ఇంటికే అడ్జస్టరుగా వ్యవహరించకూడదని ఇన్సూరెన్స్ కోడ్ 4102వ అధ్యాయం చెబుతోంది. ఒక రూఫింగు సంస్థ దీనిని సవాలు చేస్తే, 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ సవాలును తోసిపుచ్చింది. అడ్జస్టర్ లైసెన్సు లేకుండా క్లెయిము మాట్లాడే పని ఒప్పుకున్నవాడితో చేసుకున్న ఒప్పందాన్ని మీరు రద్దు చేయవచ్చు. చేసేస్తే అదివరకు చేసిన సేవలకు కూడా సొమ్ము ఇవ్వనక్కరలేదు. అందుకు రుజువు కావాలి: ఒప్పందంలోని వాక్యాలు, అతని మెసేజీలు, మీ పేరున కంపెనీకి పంపిన ఈమెయిళ్ళు. ఒక్కటీ చెరపవద్దు.

డిడక్టబుల్ మాఫీ జోలికి పోవద్దు. అలా మాఫీ చేయడం టెక్సాస్‌లో నేరం. 2019 సెప్టెంబరు 1న వచ్చిన చట్టం ప్రకారం, మీరు కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగవచ్చు. పెంచిన బిల్లు మీ పేరున వెళితే మోసం ఆరోపణ మీ మీదికి కూడా వస్తుంది.

ఇక క్లెయిము. పని దొరికితే లాభపడేవాడి రిపోర్టుకు బరువు తక్కువ. లైసెన్సున్న ఇంజనీరు చేత, వడగండ్ల దెబ్బ వేరు, పాతదనం వేరు అని ఫోటోలతో విడదీసి రాయించండి. వాన పడిన తేదీకి వాతావరణ నివేదిక, ఇల్లు కొన్నప్పటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు జతచేసి, పునఃపరిశీలన కోరుతూ కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. కప్పు మీద టార్పాలిన్ వేయించి రసీదు దాచండి. నష్టం పెరగకుండా చూడటం సాధారణంగా పాలసీదారు బాధ్యతే.

నిరుడు అన్నారే గాని తేదీ రాయలేదు! దావా గడువు పాలసీలో ఉంటుంది, ఈరోజే చూడండి. దావాకు కనీసం 61 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక, గడువు దగ్గరపడే దాకా ఆగకుండా తిరస్కరణ లేఖ, పాలసీ, ఆ ఒప్పందం తీసుకుని అక్కడి న్యాయవాదిని కలవండి.