శ్లాబు వేసేలోపు ఈ ఉత్తరం చదువు

చి. బుజ్జమ్మకు,

మామ ఆశీస్సులు. అనంతపురంలో స్థలం రిజిస్ట్రేషన్ అయిందని, ఉగాదికి ముగ్గు పోస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో సొంత సంపాదనతో ఇల్లు కడుతున్న మొదటి ఆడపిల్లవి. ఆ మాట వీధిలో అందరికీ చెప్పుకొచ్చాను. కానీ "మేడ మీద పడమటి గది అత్తమామలకంట, పెద్ద అద్దాల కిటికీ పెడతారంట, ఏసీ ఉంటుందిలే" అని మీ అమ్మ అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టించు. దక్షిణపు ఎండను సజ్జ ఆపుతుంది. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి పడమర సజ్జ ఉన్నా లాభం లేదు. అటు మెట్లు, బాత్రూము, స్టోర్ రూము పెట్టించు. ఫ్యాన్లు బీఎల్‌డీసీవే (కరెంటు తక్కువ తాగే మోటారువి) కొను. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 చిల్లరతో తిరుగుతుంది, ఇన్వర్టర్ మీద రెట్టింపు సేపు నిలుస్తుంది.

ఇక మీ అవ్వ సంగతి. నీకప్పటికి ఊహ తెలియదు. మన పాత ఇల్లు మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద కంప, ఆకు, ఆపైన జానెడుకు మించిన మట్టి, వాన దిగకుండా చౌడు మట్టి. వెలుతురుకు నడిమింట్లో గవాక్షి. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా లోపలికి అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది. కారేమాట నిజమే. మళ్లీ మళ్లీ చౌడు పోయించే చాకిరీ పడలేక మీ పెద్దమామ దాన్ని పడగొట్టి మేడ కట్టాడు. ఉత్త శ్లాబు, దానిమీద సిమెంటు పూత, అంతే. గాలి బాగా వస్తుందని పైన పడమటి గది అవ్వకిచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు.

ఆ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. పది దాటాక పైకెళ్లి చూద్దును కదా, అవ్వ ఒళ్లు కాలిపోతోంది. చెమట లేదు. మాట తడబడుతోంది. బయట గాలి చల్లబడింది, గది మాత్రం ఉడికిపోతోంది. మంచమెక్కి శ్లాబుకు అరచెయ్యి ఆనించాను. అంత రాత్రప్పుడూ వేడిగా తగిలింది. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు అప్పుడు కిందికి వదులుతోంది. తడిగుడ్డలు కప్పి ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికింది గానీ, మళ్లీ ఆ మెట్లెక్కలేదు మా అమ్మ.

అందుకే వేడిని శ్లాబు పైనే ఆపాలంటున్నాను. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో ఇంటి కప్పు యు-విలువ, అంటే కప్పులోంచి వేడి ఎంత దిగుతుందో చెప్పే కొలత, 1.2 దాటకూడదని ఉంది. ఆ అంకె ఎంత తగ్గితే వేడి అంత తక్కువ దిగుతుంది. ఉత్త శ్లాబు దాని దరిదాపుల్లోకి రాదు. శ్లాబు మీద ఇన్సులేషన్ బోర్డు, దానిపై వాటంగా కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించు. డబ్బు చాలకపోతే ఆ పెద్ద అద్దాల కిటికీ మానుకుని ఆ డబ్బు ఇక్కడ పెట్టు. అదీ కుదరకపోతే కనీసం ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటో, సున్నమో వేయించు. మన దుమ్ముకు తెలుపు త్వరగా మాసిపోతుంది, ఎండలు ముదరకముందే కడిగించుకోవాలి. తెలంగాణలో 2023 నుంచి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇలాంటి కూల్ రూఫ్ తప్పనిసరి చేశారు.

కింద ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే చాలని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోకు. అప్పటికే శ్లాబు కాగిపోయి ఉంటుంది.

పొద్దెక్కగానే కిటికీలు మూసేయండి, రాత్రి బార్లా తెరవండి. అందుకు అన్నిటికీ దోమల మెష్ కావాలి. ఏసీ వద్దనను, 24 దగ్గర పెట్టుకోండి. కానీ దాన్ని నమ్ముకుని గోడలు లేపకమ్మా. కరెంటు లేని రాత్రి కూడా ముసలివాళ్లు ఆ గదిలో పడుకోగలగాలి. నీకూ రేపు పిల్లలు పుడతారు.

కోప్పడుతున్నాననుకోకు. ప్లాన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, పడమర ఎటో బాణం గీసి మరీ పెట్టు. శ్లాబు రోజుకు బస్సెక్కి వస్తాను.

మీ మామ