ఎదురింటి చైనీస్ కుటుంబం కొత్త సంవత్సరానికి ఇంటికి పిలిచింది. ఏం చేయకూడదు, ఏం పట్టుకెళ్ళాలి?

సింగపూర్ వచ్చి ఆరు నెలలే అయిందనీ, ఎదురు ఫ్లాట్ వాళ్ళు చైనీస్ న్యూ ఇయర్‌కి రమ్మన్నారనీ, వాళ్ళకి పట్టింపులు ఎక్కువని విని టెన్షన్‌గా ఉందనీ రాశారు. నేను ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం వింటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

అప్పటికి మా ఎదురింట్లో ఒక హొక్కియన్, అంటే చైనాలోని ఫుజియన్ ప్రాంతం మూలాలున్న, పెద్దావిడ ఉండేవారు. ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే కాబట్టి నేనూ ఆంటీ అనే పిలిచేదాన్ని. ఎదురింట్లో పండగ, మన వాకిలి మాసిపోయి ఉంటే బాగుండదని తెల్లవారుజామునే లేచి, తలంటుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, చీపురు పట్టుకుని మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మం దాకా కారిడార్ మొత్తం ఊడ్చేశాను. ముగ్గు వేయడం ఒక్కటే తక్కువ. ఆంటీ తలుపు తీసి చూసి, "ఐయా!" అంటూ వచ్చి నా చేతిలో చీపురు లాక్కున్నారు. "ఇవాళ ఊడ్చకూడదమ్మా, వచ్చిన అదృష్టమంతా బయటికి పోతుంది" అన్నారు. ఆ తర్వాత నా తువ్వాలు చూసి, "తల కూడా కడిగావా?" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి మనవడి చేతిలో కవరు పెట్టాను. పది డాలర్ల నోటు, దాని మీద ఒక డాలర్ నాణెం. మనం 116, 1116 ఇచ్చినట్టే అన్నమాట. వారం తర్వాత వాళ్ళ కోడలు లిఫ్టులో కనిపించి నవ్వుతూనే చెప్పింది: బేసి సంఖ్యలో డబ్బు వాళ్ళు చావు ఇంటికి ఇస్తారట, అదీ తెల్ల కవరులో. దాన్ని పెక్ కిమ్ అంటారు. నా కవరు ఎర్రదే కావడం ఒక్కటే అదృష్టం.

చూశారుగా, ఊడ్చడం, తలంటు, పైన ఒక్క రూపాయి. మనకి ఏ మూడు లేకపోతే పండగ కాదో, ఆ మూడే వాళ్ళకి పనికిరావు. అందుకే నేను మొదట చెప్పేది, మన పద్ధతి మంచిదే కదా అని అక్కడ వాడకండి. అలాగని అదంతా వింత అనీ అనుకోకండి. దీపాలు పెట్టాక ఇల్లు ఊడిస్తే లక్ష్మి పోతుందని మా అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. శుక్రవారం పూట చేతిలో డబ్బు ఎవరికీ ఇవ్వదు. లెక్క ఒకటే, రోజులు వేరు.

వాళ్ళ పట్టింపుల్లో చాలా వాటికి మూలం మాట ధ్వని. చైనా భాషలో ఒకేలా వినిపించే మాటలు ఎక్కువ. జుట్టుని 'ఫా' అంటారు, సంపద పెరగడం కూడా 'ఫా'యే. అందుకే మొదటి రోజు తల కడగరు, జుట్టు కత్తిరించరు. నాలుగు అన్న మాట చావు అన్న మాటలా వినిపిస్తుంది, అందుకే నాలుగు ఎక్కడా కనపడనివ్వరు. ఆ రోజు గిన్నెలు, గ్లాసులు పగలకూడదు. పగిలితే వెంటనే 'సుయ్ సుయ్ పింగ్ ఆన్' అనేస్తారు. ముక్కలవడం, సంవత్సరం రెండూ 'సుయ్' అనే వినిపిస్తాయి కాబట్టి, ఏటేటా క్షేమం అని అర్థం మార్చేస్తారు. నాకు ఇది భలే నచ్చుతుంది. దోషం, దానికి శాంతి రెండూ ఒక్క మాటలోనే. గడియారం బహుమతిగా ఇవ్వకపోవడానికీ కారణం ఇలాంటిదే. గడియారం ఇవ్వడం అన్న మాట అంతిమ ఘడియల్లో సాగనంపడం అన్న మాటలా ఉంటుంది.

ఇక మీరు చేయాల్సింది. రెండు నారింజలు పట్టుకెళ్ళండి. మాండరిన్ ఆరెంజ్ అని ఆ రోజుల్లో ప్రతి షాపులోనూ పెట్టెలు పెట్టి అమ్ముతారు. ఇంట్లో అడుగు పెట్టగానే పెద్దవాళ్ళకి రెండు చేతులతో ఇవ్వండి. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళూ మీకు రెండు ఇస్తారు. ఒకటో మూడో కాదు, జత. మీరు పెళ్ళైనవాళ్ళు కాబట్టి వాళ్ళింటి పిల్లలకీ పెళ్ళికానివాళ్ళకీ ఆంగ్ పావ్, అంటే ఎర్ర కవరు, ఇస్తే సంతోషిస్తారు. 2, 6, 8, 10 ఏదైనా ఫరవాలేదు, 4 వద్దు, నాణేలు వద్దు, నలిగిన నోట్లు వద్దు. మీ పిల్లలకి ఎవరైనా ఇస్తే అక్కడే విప్పి చూడొద్దని ముందే చెప్పి తీసుకెళ్ళండి. మా అమ్మాయి విప్పి లెక్కపెట్టింది కూడా.

నల్ల బట్టలు, పూర్తి తెలుపు మానేయండి. మా ఆయన తెల్ల లాల్చీ, పంచె తీసి పెట్టుకున్నారు, నేనే ఆపి ఎర్ర చొక్కా వేయించాను. కుర్రాళ్ళు ఇవన్నీ పట్టించుకోరు గానీ పెద్దవాళ్ళు చూస్తారు.

ఒక్కటి మాత్రం నిజంగా జాగ్రత్త పడాల్సింది. గత ఏడాదిలో మీ దగ్గరి కుటుంబంలో ఎవరైనా పోయి ఉంటే వెళ్ళే ముందు వాళ్ళకి చెప్పండి. ఏటిసూతకం మనకి ఎంతో వాళ్ళకీ అంతే. ఆ ఏడాది పండగ చేసుకోరు, ఒకరింటికి వెళ్ళరు. ఊడ్చడం, తలంటు లాంటివి పరాయివాళ్ళు చేస్తే నవ్వి వదిలేస్తారు. ఇది అలా వదిలేసేది కాదు.

ఏ రోజు వెళ్ళాలన్నది కూడా అడిగారు. ముందు రోజు రాత్రి భోజనం పూర్తిగా ఇంటివాళ్ళది, ఆ పూట పిలవకుండా వెళ్ళొద్దు. మొదటి రోజు తండ్రి వైపు పెద్దల దగ్గరికి, రెండో రోజు పెళ్ళైన ఆడపిల్లలు పుట్టింటికి. మూడో రోజుకి 'ఎర్ర నోరు' అని పేరు, ఇంటికి వెళ్తే గొడవలు వస్తాయని పాతకాలం వాళ్ళు కదలరు. కనుమ నాడు కాకైనా కదలదని మనం అనుకోమూ? అదే మూడో రోజు, అదే మాట. ఏడో రోజు మనుషులందరి పుట్టినరోజు. పెద్ద పళ్ళెంలో తరిగిన కూరలు, పచ్చి చేప పెట్టి అందరూ చాప్‌స్టిక్స్‌తో పైకి ఎగరేస్తూ అరుస్తారు, ఎంత ఎత్తు ఎగిరితే అంత మంచిదని. దాన్ని లో హే అంటారు. హొక్కియన్ వాళ్ళకి మాత్రం ఎనిమిదో రోజు అర్ధరాత్రి మొదలయ్యే తొమ్మిదో రోజే పెద్దది. శత్రువుల నుంచి తప్పించుకుని చెరుకు తోటలో దాక్కుని ఆ రోజు బయటపడ్డామని చెప్పుకుంటారు. ఆంటీ నిలువెత్తు చెరుకు గడలు రెండు బల్లకి కట్టి, కారిడార్‌లో పూజ చేసేవారు.

ముహూర్తాల పిచ్చి మనకే ఉందనుకునేదాన్ని. వాళ్ళకీ పంచాంగం ఉంది, తుంగ్ షు అంటారు. ఏ రోజు ఏది చేయాలి, ఏది చేయకూడదు అని రెండు వరసలు. ఆఫీసు తిరిగి తెరవడానికి కూడా అది చూస్తారు. నెలలు చంద్రుడితో, కానీ ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే లీ చున్, అంటే వసంతారంభం, సూర్యుడి లెక్క. మన సంక్రమణం లాంటిదే. దాంతో ఒక చిక్కు వస్తుంది. 2024 ఫిబ్రవరి 10న మొదలైన డ్రాగన్ సంవత్సరంలో లీ చున్ అసలు రాలేదు. అలాంటి ఏడాదిని విధవ సంవత్సరం అంటారు, పెళ్ళిళ్ళకి మంచిది కాదంటారు. ఆ తర్వాతి పాము సంవత్సరంలో 2025లో ఒకసారి, 2026లో ఒకసారి రెండు లీ చున్‌లు పడ్డాయి. మా టీమ్‌లో ఒకమ్మాయి పెళ్ళి వాళ్ళ అమ్మమ్మ మాట మీద అలా ఏడాది ఆగింది. మూఢం అని మనం ఆపినట్టే, కాకపోతే మనది నెలల్లో తేలిపోతుంది. లీ చున్ రోజు డబ్బు జమ చేస్తే మంచిదని బ్యాంకు మెషిన్ల ముందు పెద్ద క్యూ కడతారు, ఆ రోజు బ్యాంకు పని పెట్టుకోకండి.

ఇంకో సంగతి. 2025లో వాళ్ళ పండగ జనవరి 29న, మన ఉగాది మార్చి 30న, రెండు నెలల తేడా. 2026లో ఫిబ్రవరి 17, మార్చి 19, అంటే ఒక్క నెలే. కారణం, వాళ్ళ అధిక మాసం 2025లోనే పడింది, మనది 2026లో అధిక జ్యేష్ఠం. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపిస్తే ఆంటీకి ఎంత ముచ్చటేసిందో. ఆ ఉగాదికి మా అమ్మాయికి ఎర్ర కవరు తెచ్చారు. లోపల పది డాలర్ల నోటు, దాని మీద టేపుతో అంటించిన ఒక డాలర్ నాణెం.

మీరు శాకాహారులైతే ముందు రోజే మెసేజ్ పెట్టండి. చేప లేని లో హే కూడా దొరుకుతుంది, కానీ అప్పటికప్పుడు అడిగితే వాళ్ళు ఇబ్బంది పడతారు.