పానా వంచే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫారో అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు, మెథడ్లు, అంటే కోడ్ ముక్కలు, చూసుకునే బ్రౌజర్ కిటికీ పాతకాలం దానిలా ఉంది, మొత్తం కొత్తగా రాసేస్తాను, డిజైన్ కూడా గీశాను అన్నావు. బొమ్మ బాగుంది. కానీ దాన్ని ఒక నెల రోజులు బీరువాలో పెట్టు. ఎందుకో ఫోన్లో చెబితే మధ్యలో వాదిస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆటోనగర్లో తాతయ్య లేతు షెడ్డు నీకు గుర్తుండదు, నువ్వు పుట్టేసరికే అమ్మేశారు. గోడకి మేకులు కొట్టి పానాలు వరసగా తగిలించేవారు. వాటిలో ఒకటి మెడ వంకర. అది కొన్నది కాదు. షెడ్డుకి వచ్చే లారీల్లో ఒక రకం ఇంజనుకి లోపలెక్కడో ఒక నట్టు ఉండేది. మామూలు పానా పెడితే పక్కనున్న పైపుకి తగిలి పావు చుట్టు కూడా తిరిగేది కాదు. కుర్రాళ్లు రోజూ వేళ్లు చీరుకునేవారు. తాతయ్య వారం రోజులు ఏమీ అనకుండా వాళ్ల పక్కన కూర్చుని చూశాడు. ఒక సాయంత్రం పాత పానా ఒకటి తీసి, గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మెడ వంచాడు. ఆ పానా నేను ఇంజనీరింగ్ పూర్తి చేసేదాకా షెడ్డులో ఉంది.

నువ్వు ఆ వారం రోజులు చూడకుండానే మంట వెలిగిస్తున్నావు.

ముందు ఆ బ్రౌజర్ వయసెంతో తెలుసుకో. పైన నాలుగు గళ్లు, కింద కోడ్. ఆ అమరిక జెరాక్స్ పరిశోధన కేంద్రంలో స్మాల్‌టాక్ అనే భాష తయారైన రోజులది. 1996లో ఆలన్ కే, డాన్ ఇంగల్స్ బృందం ఆపిల్‌లో ఉండగా స్మాల్‌టాక్‌కే ఒక రూపమైన స్క్వీక్ బయటికి వచ్చింది, 2008లో స్క్వీక్ నుంచి చీలి ఫారో మొదలైంది. ఇన్నేళ్లలో ఆ నాలుగు గళ్లని తీసి పారేద్దామనుకున్నవాళ్లు చాలామంది. ఫారోలోనే ఒక బ్రౌజర్ పోయి కాలిప్సో అనే కొత్త బ్రౌజర్ వచ్చింది. గళ్లు మాత్రం ఉన్నాయి. అవి గొప్పవని నేను అనను, నాకూ చిరాకే. కాకపోతే చెయ్యి అలవాటు పడ్డ చోట నుంచి ఒక్క గడి జరిపినా వంద మంది చేతులు తడబడతాయి. నచ్చలేదన్న ఒక్క కారణం దానికి చాలదు.

కాబట్టి మొదటి పని, నీ ఫ్రెండ్స్‌లో ఫారో కొత్తగా నేర్చుకుంటున్న ఒకమ్మాయిని పట్టుకో. ఒక గంట వెనక కూర్చో. నోరు మెదపకు, మౌస్ ముట్టుకోకు. తను ఎక్కడ ఆగింది, ఏ మెనూ తెరిచి మళ్లీ మూసింది, ఎక్కడ ‘అబ్బా’ అంది, కాగితం మీద రాసుకో. ఒకే చోట మూడుసార్లు ఆగితే అక్కడ నీ పని ఉన్నట్టు. ఇది చెప్పినంత తేలిక కాదు. రెండో నిమిషంలోనే ‘అక్కడ కాదే, రైట్ క్లిక్ కొట్టు’ అంటావని నాకు తెలుసు.

ఇక నీ మిర్చి యార్డు ప్రోగ్రామ్ సంగతి. లాట్ అని ఒక క్లాస్, అందులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, బరువులు, రకం, రైతు పేరు పెట్టావు. లాట్‌ని ఇన్‌స్పెక్టర్లో, అంటే లోపలి సరుకు చూపించే కిటికీలో, తెరిస్తే ఏం కనబడుతోంది? వేరియబుల్ పేర్లు, వాటి పక్కన ‘ఒక ఆర్డర్డ్ కలెక్షన్’ (వరస జాబితా) అనే ముక్క. దాని మీద నొక్కితే ఇంకో పేజీ, అందులో బరువులు. యార్డులో గుమస్తా అడిగేది అది కాదు కదా. ‘తేజ రకం, ఎన్ని టిక్కీలు, మొత్తం ఎంత, తేడాగా తూగింది ఏది?’ అని అడుగుతాడు. ఒక్కో టిక్కీ 40 కిలోలకు అటూ ఇటూ ఉండాల్సిన చోట ఒకటి 24 అని పడితే అది కంట్లో పడాలి.

దీనికి ఇన్‌స్పెక్టర్‌ని తిరగరాయక్కర్లేదు. నీ లాట్ క్లాస్‌లోనే ఒక మెథడ్ రాయి. అందులో, ఫారోలో కిటికీలు, టేబుళ్లు కట్టే స్పెక్‌తో ఒక టేబుల్ తయారు చెయ్యి, ఒక కాలమ్‌లో వరస నంబరు, ఇంకోదాంట్లో బరువు. ఆ మెథడ్ తల మీద ‘ఇన్‌స్పెక్టర్ ప్రెజెంటేషన్ ఆర్డర్’ అనే ప్రాగ్మా, అంటే మెథడ్‌కి తగిలించే గుర్తు, పెట్టి, ట్యాబ్ పేరు ‘టిక్కీలు’ అని ఇవ్వు. సేవ్ చేసి లాట్‌ని మళ్లీ ఇన్‌స్పెక్ట్ చేస్తే కొత్త ట్యాబ్ ప్రత్యక్షం. మొత్తం పది లైన్లు దాటదు. ఫారోలో మామూలు కలెక్షన్‌ని తెరిస్తే లోపలి సరుకు వరసగా కనబడుతుందే, అదీ ఇలాంటిదే. ఎవరో ఒకరు పూనుకుని రాయకపోతే లోపలున్న అర్రే, మొదటి ఇండెక్స్, చివరి ఇండెక్స్ మాత్రమే చూస్తూ కూర్చునేవాళ్లం. ఇది చేశాక నీకే అర్థమవుతుంది, ఫారో అనే ఈ ఊళ్లో ప్రతి పానా మెడా వంచుకునేలాగే చేసి ఉంచారు.

ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు కాబట్టి. వేరే భాషల వాళ్లకి చూపిస్తే నోరు తెరుస్తారు. లేని మెథడ్‌ని పిలిస్తే కిటికీ తెరుచుకుని ‘క్రియేట్’ అని అడుగుతుంది, అక్కడే రాసి ప్రొసీడ్ కొడితే ప్రోగ్రామ్ ఆగిన చోటు నుంచి సాగిపోతుంది. కానీ ఇందులో ఒక గొయ్యి ఉంది. డీబగ్గర్లో ఉండగా, నడుస్తున్న మెథడ్‌నే మార్చి సేవ్ చేశావనుకో, అది మధ్య నుంచి సాగదు, ఆ మెథడ్ మొదటి లైను నుంచి మళ్లీ మొదలవుతుంది. నీ లాట్‌లో ‘టిక్కీ చేర్చు’ మెథడ్ మొదటి లైన్లో 42 కిలోలు మొత్తానికి కలిపి, మూడో లైన్లో తప్పు దగ్గర ఆగింది. నువ్వు మూడో లైను దిద్ది, సేవ్ చేసి, ప్రొసీడ్ కొడితే మొదటి లైను రెండోసారి నడుస్తుంది. మెథడ్ లోపలి తాత్కాలిక వేరియబుల్స్ మళ్లీ ఖాళీ అవుతాయి గానీ, లాట్ దగ్గరున్న మొత్తం అలాగే ఉంటుంది. 42 కాస్తా 84. టెస్ట్ ఫెయిలవుతుంది, నువ్వు నీ లెక్కనే అనుమానిస్తావు. నాకు ఒక పూట పోయింది ఇలాగే. నేను దగ్గర కూర్చుని నేర్పిన కుర్రాళ్లలో దీని మీద బోల్తా పడనివాడు ఒక్కడు లేడు. ఆ క్షణంలో ‘ఈ మెథడ్ మొదటి నుంచి నడుస్తుంది’ అని ఒక్క ముక్క కిటికీలో కనబడితే ఎంత బాగుంటుందో చూడు. నీ కొత్త బ్రౌజర్ కంటే ఆ ఒక్క వాక్యం నాకు ముద్దు.

సెండర్స్, అంటే ఒక మెథడ్‌ని పిలిచేవాళ్లని, వెతకడం కూడా ఒకసారి గమనించు. ‘యాడ్’ అనే మెథడ్‌ని ఎవరెవరు పిలుస్తున్నారని అడిగితే కొల్లేరంత జాబితా వస్తుంది. ఫారోలో వేరియబుల్‌కి టైపు రాయం కదా, పేరు కలిస్తే చాలు, అన్నీ వచ్చి కూర్చుంటాయి. రీఫ్యాక్టరింగ్‌కీ, అంటే పని మారకుండా కోడ్ సర్దడానికీ, మెథడ్ పేరు మార్చేటప్పుడు ఇదే తలనొప్పి. అసలు ఆటోమేటిక్ రీఫ్యాక్టరింగ్ పనిముట్టు మొదట పుట్టింది స్మాల్‌టాక్‌లోనే, 1990ల్లో జాన్ బ్రాంట్, డాన్ రాబర్ట్స్ రాశారు. అంత పనివాళ్లకీ ఇది పూర్తిగా లొంగలేదు. జాబితాలో మన ప్యాకేజీవి పైకి తేవడం లాంటి చిన్న ఊరటలు ఆలోచించు. రాసే ముందు అలాంటిది ఏ మెనూలోనైనా ఇప్పటికే దాక్కుని ఉందేమో వెతుకు. నేను ఒకసారి నాలుగు రోజులు కష్టపడి రాసినది రైట్ క్లిక్ మెనూ చివర ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు మీ అత్తయ్య నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

ఇప్పుడు భయపెట్టే విషయం. నువ్వు మార్చే బ్రౌజర్, దాన్ని మార్చడానికి వాడే బ్రౌజర్ ఒకటే. రెండూ ఒకే ఇమేజ్‌లో, అంటే ప్రోగ్రాములూ పనిముట్లూ కలిపి దాచే ఒకే ఫైలులో, బతుకుతుంటాయి. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉండగా, స్క్వీక్‌లో లిస్టులో గీతలు కాస్త అందంగా రావాలని, లిస్టుని గీసే మెథడ్‌లోనే చెయ్యి పెట్టాను. సేవ్ కొట్టగానే తెర మీద ఉన్న లిస్టులన్నీ ఎర్ర డబ్బాలయ్యాయి, వాటి మీద పసుపు రంగు ఇంటూ గుర్తు. గీయడంలో తప్పొస్తే ఆ సిస్టమ్ అలా చూపిస్తుంది. సరే, దిద్దుదామని డీబగ్గర్ తెరిస్తే అందులోనూ లిస్టు ఉందిగా, అదీ ఎర్ర డబ్బానే. కొత్త బ్రౌజర్ తెరిచినా అంతే. తప్పు ఎక్కడుందో తెలుసు, అక్కడికి వెళ్లే దారి లేదు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు. చివరికి దాన్ని చంపేసి, పొద్దున సేవ్ చేసిన ఇమేజ్ తెరిచి, చేసిన మార్పులన్నీ రాసి ఉండే ఛేంజెస్ ఫైలులోంచి ఒక్కో మెథడ్‌నీ ఏరుకుని, ఆ పాపిష్టి మెథడ్ ఒక్కటి వదిలి మిగతావి ఎక్కించాను. రాత్రి పది దాటింది.

మీకిప్పుడు ఎపిసియా ఉంది, నువ్వు చేసిన ప్రతి మార్పూ వరసగా రాసిపెట్టి ఉంచుతుంది, కావలసినవి తిరిగి ఎక్కించుకోవచ్చు. అయినా సరే, పనిముట్ల మీద చెయ్యి వేసే రోజున ఫారో లాంచర్‌లో ఆ పనికోసమే వేరే ఇమేజ్ తీసుకో. మిర్చి ప్రోగ్రామ్ ఉన్న ఇమేజ్‌ని దాని దరిదాపులకి రానివ్వకు. అరగంటకోసారి, కోడ్‌ని భద్రపరిచే ఐస్‌బర్గ్‌లో కమిట్ కొట్టు. తెర బిగుసుకుపోతే కంట్రోల్ గానీ ఆల్ట్ గానీ పట్టుకుని చుక్క నొక్కి చూడు, చాలాసార్లు ఆగి డీబగ్గర్ ఇస్తుంది. బిగుసుకుపోవడానికి కారణం తరచూ ఒకటే, ఎక్కువసేపు పట్టే వెతుకులాటని తెరని నడిపే ప్రాసెస్‌లోనే పెట్టేస్తాం. దాన్ని ఫోర్క్ చేసి, అంటే వేరే ప్రాసెస్‌గా, వెనక నడుపు.

పని అయ్యాక గిట్‌హబ్‌లో పెట్టే పద్ధతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క మాట. ఒక పుల్ రిక్వెస్ట్‌లో, అంటే మార్పుని చేర్చుకోమని పంపే అర్జీలో, ఒక్క మార్పే ఉండాలి. పనిలో పనిగా పక్క మెథడ్లో ఖాళీలు సర్దానంటే చదివేవాడికి విసుగు, అది నెలల తరబడి మూల పడి ఉంటుంది. మార్చక ముందు, మార్చిన తర్వాత రెండు స్క్రీన్‌షాట్లు పెట్టు. కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే ఎస్‌యూనిట్ టెస్ట్ ఒకటి జత చెయ్యి. నువ్వు ఏదైనా మెథడ్ పేరు మారిస్తే పాతదాన్ని టక్కున తీసేయకు. డిప్రికేటెడ్, అంటే ఇక వాడొద్దు, అని గుర్తు పెట్టి, దాని పక్కనే కొత్త రూపం రాయొచ్చు. అలా రాస్తే పాత పేరుతో పిలిచిన కోడ్‌ని ఫారో నడుస్తుండగానే కొత్త పేరుకి దిద్దేస్తుంది. ఈ సదుపాయం చూసి నేను మురిసిపోయాను. మేము ఇలాంటివి చేత్తో దిద్దుకుంటూ పండగ సెలవులు పోగొట్టుకున్నాం.

రివ్యూలో ఎవరైనా ‘ఇది అక్కర్లేదు’ అంటే అలగకు. ఆ వెనక కూర్చుని రాసుకున్న కాగితం ఉంది కదా, అందులోంచి ఒక సంగతి చెప్పు. ‘ఇక్కడ ఒకమ్మాయి మూడుసార్లు ఆగింది’ అంటే వాళ్లు చర్చలోకి దిగుతారు. ‘ఇది నాకు బాగుంది’ అంటే దిగరు.

వచ్చే ఆదివారం గుంటూరు నుంచి పొద్దున ప్యాసింజర్‌కి వచ్చెయ్. ల్యాప్‌టాప్‌తో పాటు ఆ ఫ్రెండ్‌ని కూడా తీసుకురా. అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. తినేశాక తను ఫారో ముందు కూర్చుంటుంది, నువ్వు తన వెనక, నేను నీ వెనక. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా ఒక గీత పెడతాను.

ఉంటాను,
మామయ్య